ఇరవై రెండో గడిలో అడ్డగీత

జూన్ 3, మంగళవారం

ఈరోజుతో కోడలికి పదకొండు వారాలు నిండాయి. ఆసుపత్రికి తోడు నేనే వెళ్ళాను. అబ్బాయి వస్తానన్నాడు గానీ, బయల్దేరే వేళకి ఎక్కడో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందని ఫోను వచ్చింది. లిఫ్టులు బాగుచేసేవాడికి ఇంటి పనులు ఎప్పుడూ రెండు అంతస్తుల మధ్యే ఉంటాయి.

డాక్టరు చూశాక పక్క గదిలోకి పంపారు. అక్కడ పాతికేళ్ళ అమ్మాయి ఒకతె ట్యూబులను మూతల రంగును బట్టి వరసలుగా పేర్చుకుని కూర్చుంది. వంటింట్లో నా డబ్బాల అలమర గుర్తొచ్చింది. ఏదో పేరు చెప్పింది గానీ, ఇల్లు చేరేసరికి మా ఇద్దరికీ ఆమె ట్యూబులమ్మాయి అయిపోయింది.

కడుపుతో ఉన్న కొందరికి ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో బీపీ ఉన్నట్టుండి పెరిగి, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. ప్రీఎక్లాంప్సియా అంటారట. పెరిగాక కనుక్కోవడం కాకుండా, నెలల ముందే రక్తంలో ఏదైనా గుర్తు దొరుకుతుందా అని వీళ్ళు నాలుగేళ్ళుగా వెతుకుతున్నారు.

"అంటే జన్యువులు చూస్తారా?" అని కోడలు అడిగింది.

"జన్యువులు ఎవరికైనా దాదాపు అవే అక్కా. వాటిలో ఇప్పుడు ఏవి పని చేస్తున్నాయి, ఏవి ఊరుకున్నాయి అన్నది చూస్తాం." ఆ అమ్మాయి నా చేతిలో నోటు పుస్తకం చూసి నవ్వింది. "ఆంటీ, మీ పుస్తకం ఇంట్లో అందరికీ ఒకటే. కానీ ఎవరికి కావలసిన పేజీ వాళ్ళు తీస్తారు కదా. మేం పుస్తకం చదవం. ఏ పేజీ తెరిచి ఉందో చూస్తామంతే."

"నా పుస్తకం నేను తప్ప ఎవరూ తియ్యరమ్మా," అన్నాను.

చేతిరాత బాగుంటుందని ఫారం నాకే ఇచ్చారు. మొత్తం నలభై గడులు. ఇరవై ఒకటో గడిలో కోడలి తల్లి గురించి అడిగారు. ఆవిడకి ఏ ఇబ్బందీ లేదని కోడలు చెప్పింది, రాశాను. ఇరవై రెండో గడి: 'బిడ్డ తండ్రిని మోసినప్పుడు అతని తల్లికి బీపీ, వాపులు, ఫిట్స్ వచ్చాయా?' అందులో అడ్డగీత పెట్టాను. అబ్బాయప్పుడు నాది మెట్ల మీద పడటం. అదీగాక కోడలి ఒంట్లో నా రక్తం లేదు. సంబంధం లేని గడిలో అడ్డగీత పెట్టమని మొదటి పేజీలోనే ఉంది.

నలభై గడుల్లో ఒక్క కొట్టివేత లేదు. ట్యూబులమ్మాయి మెచ్చుకుంది.

జూన్ 4

గ్యాస్ సిలిండర్ మార్చాను. పోయినది నలభై ఒక్క రోజులు వచ్చింది.

జూన్ 7, శనివారం

రోజూ పొద్దున, సాయంత్రం కోడలికి బీపీ చూసి రాయాలని మెషీను ఒకటి ఇచ్చారు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, రెండు సార్లు చూసి, రెండూ రాయాలి.

ఈయన ముప్పై ఏళ్ళుగా తూనికలు కొలతల శాఖలో ఉన్నారు. ఇంట్లోకి అంకెలు చూపించే వస్తువు ఏదొచ్చినా తనిఖీ తప్పదు. తనకి మూడుసార్లు, నాకు మూడుసార్లు పెట్టుకున్నారు. తర్వాత దాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి పాదరసం మెషీనుతో పోల్చి వచ్చారు.

"రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోందోయ్. నువ్వు రాసేటప్పుడు రెండు తగ్గించి రాయి."

"చూపించింది చూపించినట్టు రాయమన్నారండీ."

"తప్పని తెలిసి కూడానా?"

"మా డిపోలో గడియారం నాలుగు నిమిషాలు వెనక మామయ్యా," అంది కోడలు. బస్ డిపోలో టైం టేబుళ్ళు వేసే ఉద్యోగం ఆమెది. "అందరూ దాన్నే చూస్తారు. అందుకే బస్సులన్నీ టైముకే వెళ్తాయి."

ఈయన మెషీను బల్ల మీద పెడుతూ, "మీ డిపో మా పరిధిలోకి రాదు కాబట్టి బతికిపోయారు," అన్నారు.

అప్పుడే అబ్బాయి వచ్చాడు. "అమ్మా, మెషీను ఎక్కడ పెట్టాడో నాన్నని అడుగు," అన్నాడు. నాన్న మూడడుగుల దూరంలో ఉన్నారు. ఈయన కూడా, "బల్ల మీదుందని చెప్పు," అని నాతోనే అన్నారు. మా ఇంట్లో ఇది మామూలే. వాడికి పదేళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ అంతే. ఇద్దరూ మాటలు తక్కువ మనుషులు.

పొద్దున 116/74, 114/72. సాయంత్రం 112/72, 112/70.

జూన్ 10, మంగళవారం

పన్నెండు వారాలు.

సాయంత్రం బీపీ పట్టీ చేతికి కట్టించుకుంటూ కోడలు అడిగింది. "మీ అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు మీకెలా ఉండేది అత్తయ్యా?"

"బాగానే ఉండేది. ఎనిమిదో నెలలో మెట్ల మీద జారిపడ్డాను. అందుకే ముందే పుట్టాడు. కిలో ఆరువందలు."

"ఎన్ని మెట్లు?"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. టైం టేబుళ్ళు వేసే మనిషి కదా, అంకె లేకుండా ఏదీ ఎక్కదు. "నాలుగు," అన్నాను.

అబ్బాయి అక్కడే కూర్చుని ఏదో స్క్రూ బిగిస్తున్నాడు. అది వదిలేసి గదిలోంచి వెళ్ళిపోయాడు. ఈ ప్రస్తావన వస్తే వాడెప్పుడూ అంతే.

జూన్ 11

నాలుగు మెట్లు. మళ్ళీ ఎవరైనా అడిగితే అదే చెప్పాలి కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 17, మంగళవారం

పదమూడు వారాలు. బీపీ సరిగ్గా చూస్తున్నామా లేదా అని ట్యూబులమ్మాయి ఇంటికి వచ్చింది. నా చార్టు చూసి, "మా దగ్గర నూట పదహారు మంది చార్టులున్నాయి ఆంటీ, ఇలాంటిది లేదు," అంది. ఈయన వెంటనే మెషీనులో రెండు పాయింట్ల సంగతి ఎత్తుకున్నారు. ఆ అమ్మాయి శ్రద్ధగా విని రాసుకుంది. ఈయనకి ఆమె మీద గొప్ప అభిప్రాయం ఏర్పడింది.

టీ తాగుతుంటే కోడలు అడిగింది. "ఇదంతా ఆడవాళ్ళ జబ్బు కదా, ఫారంలో మా ఆయన వాళ్ళమ్మ గురించి ఎందుకడిగారు?"

"మేం వెతికేది ఎక్కువగా మాయ గురించి అక్కా. నీకూ బిడ్డకీ మధ్య ఉండి, నీ రక్తంలోంచి బిడ్డకి కావలసింది అందించేది అదే కదా. అది నీదనుకుంటాం గానీ, బిడ్డతో పాటు పుట్టేది. అందులో సగం జన్యువులు నీవి, సగం బిడ్డ తండ్రివి. ఆయన సగంలో వాళ్ళమ్మవీ ఉంటాయి. ఆ మాయ మొదటి నెలల్లో సరిగ్గా నాటుకోకపోతే, తర్వాత బీపీగా బయటపడుతుంది."

"అంటే అత్తయ్య కూడా నా కడుపులో ఉన్నట్టే," అని కోడలు నవ్వింది. "అక్కడ కూడా డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తూ ఉంటారేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మరి ముందే తెలిస్తే మాత్రం ఏం చేస్తారు?" అని అడిగాను.

"ప్రమాదం ఎక్కువ అనిపించిన వాళ్ళకి డాక్టరు గారు చిన్న మాత్ర ఒకటి మొదలుపెడతారు ఆంటీ. అందరికీ పనిచేస్తుందని కాదు, చాలామందిలో తగ్గిస్తుంది. కానీ పదహారు వారాల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మాయ నాటుకునే పని అప్పటికి చాలావరకు అయిపోతుంది."

ఆమె వెళ్ళాక కప్పులు కడిగాను. కాలెండరు చూశాను. పదహారు వారాలు నిండేది జూలై ఎనిమిదో తేదీకి.

జూన్ 18

ఈరోజు ఏమీ జరగలేదు.

జూన్ 19

నాది పడటం. పడటానికీ బీపీకీ సంబంధం లేదు. అడ్డగీత సరైనదే.

పొద్దున 114/74, 112/72. సాయంత్రం 116/74, 114/74.

జూన్ 20

ఆ ఇంటికి మెట్లు లేవు.

జూన్ 21, శనివారం

పై గదిలో నా పాత డైరీల పెట్టె ఉంది. పెళ్ళయిన ఏడాది నుంచీ ఒక్కటీ పారెయ్యలేదు. ఆ ఏడాది డైరీ తీశాను. పాలు ఎన్ని పోయించుకున్నానో, ఏ చీర ఇస్త్రీకి వేశానో అన్నీ ఉన్నాయి. 'కాళ్ళు వాచాయి, చెప్పులు పట్టలేదు' అని ఒక రోజు. 'తలనొప్పి' అని ఒక రోజు. 'తలనొప్పి' అని మర్నాడు. 'కళ్ళ ముందు మెరుపులు, దీపం ఆర్పినా పోవడం లేదు' అని ఆ మర్నాడు. తర్వాత పదకొండు రోజులు ఖాళీ. పన్నెండో రోజున, 'బాబుకి పాలు స్పూనుతో పట్టాను, అయిదు స్పూన్లు తాగాడు' అని ఉంది.

ఆ పదకొండు రోజుల సంగతి ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

వంటింట్లో నిలబడి ఉండగా ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి చేరాక ఇంకోసారి వచ్చాయి. నాకేమీ తెలియదు, ఈయన చెప్పిందే. బీపీ ఎంతుందో కూడా ఈయనే చెప్పారు, 180/120. ఈయన కదా, అంకె మర్చిపోరు. ఆపరేషను చేసి బాబుని తీశారు. మూడు రోజులకి నాకు తెలివొచ్చింది.

మా అత్తగారు ఆసుపత్రికి వచ్చేసరికి ఈయన ఒక్కరే గుమ్మంలో ఉన్నారట. ఏమైందిరా అని ఆవిడ అడిగారు. ఫిట్స్ అంటే ఆవిడకి ఒకటే అర్థం. మూర్ఛ రోగం దాచి పిల్లనిచ్చారని, మా అమ్మానాన్నల్ని నిలదీసేవారు. అప్పటికే ఆవిడకి నేనంటే అంతంత మాత్రం. ఈయన ఎదురుగా చూస్తే ఆసుపత్రి మెట్లు కనిపించాయి. మెట్ల మీద జారిపడిందమ్మా అన్నారు. ఆవిడ ఏ మెట్లని అడగలేదు. అప్పుడు మేమున్న ఇల్లంతా ఒకే నేల మీద ఉండేది. బయటికి అడుగు పెట్టడానికి కూడా గుమ్మం తప్ప మెట్టు లేదు. నాకు తెలివొచ్చాక ఈయన చెవిలో చెప్పిన మొదటి మాట అదే. "నువ్వు మెట్ల మీద పడ్డావు, గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. కొన్నేళ్ళు పోయాక పడిన చోట నొప్పి కూడా ఉన్నట్టుండేది.

తర్వాత నాకు మళ్ళీ కాన్పు వద్దని డాక్టరు చెబితే, ఒక్కడు చాలనుకున్నాం అని అందరితో అన్నాం.

జూన్ 24, మంగళవారం

పద్నాలుగు వారాలు. రెండు వారాలు ఉన్నాయి.

కోడలు డిపోకి వెళ్ళాక ఈయనతో మాట్లాడాను. ఆఫీసుకి తయారవుతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు. చెప్పిందంతా విని, బొత్తాలు మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నారు.

"అప్పుడు నాకు వేరే దారి తోచలేదోయ్."

"నేనేమీ అనలేదండీ. ఆ మాటే నన్ను నిలబెట్టింది. ఇప్పటి సంగతి అడుగుతున్నాను."

"ఇప్పుడు మా అమ్మ లేదు." కిటికీ వైపు తిరిగారు. "అబ్బాయికేం చెప్తావ్? ఇన్నేళ్ళూ తప్పుడు రాయితో తూచామని చెప్తావా?"

"మీరు బజారులో తప్పుడు రాయి పట్టుకుంటే ఏం చేస్తారు?"

"అక్కడికక్కడే సీలు వేస్తాను. అది వేరు. అక్కడ రాయి నేను పెట్టింది కాదు." చేతిసంచి అందుకుని, "ఒక్క వారం ఆగు. ఎలా చెప్పాలో ఆలోచిస్తాను," అన్నారు.

సరే అన్నాను. ఎవరైనా ఆగమంటే బాగుండునని నేనే ఎదురుచూస్తున్నానేమో.

జూన్ 26

డబ్బాలన్నీ దింపి కడిగాను. ముప్పై నాలుగు. పాత లేబుళ్ళు బాగానే ఉన్నాయి, అయినా తీసి కొత్తవి రాశాను.

జూన్ 28

పొద్దున 122/80, 120/78. నిన్న సాయంత్రం కూడా అంతే. డిపోలో పని ఎక్కువైందట.

జూలై 1, మంగళవారం

పదిహేను వారాలు. రెండోసారి రక్తం ఇవ్వడానికి వెళ్ళాం. మూడు రోజులుగా 126/82, 128/84. ట్యూబులమ్మాయి చార్టు చూసి, "ఎక్కువని కాదు గానీ, ఈ నెలల్లో ఇంకాస్త తగ్గాలి మామూలుగా," అంది.

కోడలు చెయ్యి చాపి, తన రక్తం ట్యూబులోకి ఎక్కడం చూస్తూ అడిగింది. "ఇందులో ఏముందో నాకెప్పుడు చెప్తారు?"

"చెప్పలేనక్కా. చెప్పడానికి మాకే ఇంకా తెలీదు. అందరి కాన్పులూ అయ్యాక, ఎవరికి ఏమైందో చూసుకుని, అప్పుడు వెనక్కి వచ్చి ఈ ట్యూబులు తెరుస్తాం. బీపీ వచ్చిన వాళ్ళందరిలో ఏ పేజీ ముందే తెరిచి ఉందో వెతుకుతాం. మీ ట్యూబు మీ తర్వాత వాళ్ళకి పనికొస్తుంది."

"నేను బస్సు వెళ్ళిపోయాక టైం టేబులు వేసినట్టుంది," అంది కోడలు. ట్యూబులమ్మాయి నవ్వి, ట్యూబుని మంచు పెట్టెలో పెట్టింది. దాని మీద పేరు లేదు, 117 అని ఉంది.

తర్వాత మా ఫారం తీసింది. ప్రతిసారీ అందరినీ అడిగే మాటేనట. "ఇందులో ఏమైనా మార్చాల్సినవి ఉన్నాయా ఆంటీ?"

కోడలు పక్క కుర్చీలో దూది నొక్కి పట్టుకుని నా వైపే చూస్తోంది.

"లేవు," అన్నాను.

జూలై 2

ఈయన వారం నిన్నటితో అయిపోయింది. ఏమీ అనలేదు. నేను అడగలేదు.

రక్తం ఇప్పుడు చెప్పదు. అది చెప్పనిది నాకు తెలుసు. ఇంకా ఆరు రోజులు.

జూలై 3, గురువారం

చెప్పాను.

కోడలికి సెలవు. బల్ల మీద పెద్ద కాగితం పరిచి, కొత్త టైం టేబులుకి స్కేలుతో గీతలు గీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ముందే నాలుగు వాక్యాలు రాసుకుని వెళ్ళాను, కాగితం చేతిలోనే ఉండిపోయింది.

"ఆ ఇంటికి మెట్లు లేవు," అన్నాను.

"ఏ ఇంటికి?"

అప్పుడు వరసగా చెప్పాను. వాపులు, తలనొప్పి, మెరుపులు, ఫిట్స్. ఆమె పెన్సిలు కింద పెట్టలేదు. చెప్పడం అయ్యాక అడిగింది. "ఎన్నిసార్లు వచ్చాయి?"

"రెండు."

"ఏ వారంలో?"

"ముప్పై రెండు."

"బీపీ ఎంత?"

చెప్పాను. ఆ మూడూ టైం టేబులు కాగితం అంచున రాసుకుంది.

"మొన్న ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను కదా అత్తయ్యా."

"ఉన్నావు."

"నన్ను చూస్తూనే లేవు అన్నారు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. స్కేలు తీసుకుని ఒక గీత గీసింది, తిన్నగా రాలేదు. రబ్బరుతో చెరిపి మళ్ళీ గీసింది.

"రేపు పొద్దున్న ఎనిమిదీ ఇరవై బస్సు," అంది. "ఎనిమిదింటికల్లా తయారుగా ఉండండి."

జూలై 4, శుక్రవారం

ఏడూ నలభైకే తయారయ్యాను. బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది గానీ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "చూసుకుని దిగండి," అంది. బస్సుకి మూడు మెట్లు.

ట్యూబులమ్మాయికి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, మందలించలేదు. ఫారం తీసి పెన్ను నా చేతికిచ్చింది.

"ఇంకో ఫారం ఇవ్వమ్మా, మొత్తం శుభ్రంగా మళ్ళీ రాసిస్తాను," అన్నాను.

"అలా కుదరదు ఆంటీ. రాసింది తీసెయ్యకూడదు. చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు. దాని మీదుగా ఒకే ఒక గీత. కింద ఉన్నది కనిపించాలి. పక్కన సరైనది రాసి, ఈరోజు తేదీ వేసి, సంతకం పెట్టాలి."

నా పుస్తకాల్లో ఎక్కడా కొట్టివేత ఉండదు. తప్పు పడితే ఆ పేజీ చింపి మళ్ళీ రాసే అలవాటు. గీత మీద గీత గీశాను. పక్కన 'అవును. ముప్పై రెండో వారం. ఫిట్స్ రెండుసార్లు. 180/120' అని రాశాను. గడి సరిపోలేదు, అంచు దాకా వెళ్ళింది. సంతకం కింద ఎవరో రాయమంది. 'బిడ్డ తండ్రి తల్లి' అని రాశాను.

తర్వాత డాక్టరు గారు. ఆవిడ ఫారం చూశారు, చార్టు చూశారు, వెంటనే స్కాన్ చేయించారు. మాయ వైపు వెళ్ళే రక్తం కొంచెం బిగువుగా పారుతోందట.

"మీ సంగతి ఒక్కటే అయితే నేను ఇంత ఆలోచించను అమ్మా," అన్నారు నాతో. "మొదటి కాన్పు, బీపీ ఇలా అంచు మీద, స్కాన్ ఇలా. వీటికి మీది కలిపితే ముల్లు అటు ఒరిగింది. ఈరోజే మాత్ర మొదలుపెడదాం. టైములోనే వచ్చారు."

టైములోనే అన్న మాట విని కోడలు మొదటిసారి నా వైపు చూసింది. పదిహేను వారాల మూడు రోజులు.

జూలై 6, ఆదివారం

అబ్బాయికి కోడలు ముందే చెప్పేసింది. పొద్దున నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి మంచం చివర కూర్చున్నాడు.

"ఆ ఇంటికి మెట్లు లేవని నాకు తెలుసమ్మా."

మడిచిన చొక్కా విప్పి మళ్ళీ మడిచాను.

"ఏడేళ్ళొచ్చేదాకా అక్కడే కదా ఆడుకున్నాను. మెట్లుంటే దూకకుండా ఉంటానా?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

వాడు ఒక తువ్వాలు తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాడు. వాడికి మడతలు రావు. "పదేళ్ళప్పుడు మా క్లాసులో ఒకడు చెప్పాడు, వాళ్ళ నాన్న వాళ్ళమ్మని కొడితే అందరికీ తలుపు తగిలిందని చెప్తుందట. లేని మెట్ల మీద మా అమ్మ ఎలా పడిందా అని అప్పుడు ఆలోచించాను." తువ్వాలు వంకగా మడిచి దొంతర మీద పెట్టాడు. "నాన్నే తోశాడనుకున్నాను."

అన్నీ రాసుకుంటాను నేను. ఏ రోజు ఎవరికి జలుబు చేసిందో చెప్పగలను. పంతొమ్మిదేళ్ళుగా వాడు నాన్నతో నా ద్వారానే మాట్లాడుతుంటే, మాటలు తక్కువ మనుషులని రాసుకున్నాను.

"మీ నాన్న నన్ను మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడురా," అన్నాను. "చెప్పులు కూడా వేసుకోలేదు."

వాడు లేచి వెళ్ళాడు. ముందుగదిలో ఈయన పేపరు చదువుతున్నారు. ఇద్దరి గొంతులూ వినిపిస్తాయేమోనని చూశాను. ఏమీ వినిపించలేదు. కాసేపటికి తొంగిచూస్తే, పేపరులో చెరో సగం చదువుతున్నారు.

జూలై 8

పదహారు వారాలు. మాత్ర అయిదోది.

జూలై 19

కోడలు ఇంకా అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. ఇవాళ మాత్రం బీపీ చూస్తుంటే, "అత్తయ్యా, ఈ 118 నిజమేనా, లేక మెట్ల మీద పడిందా?" అంది. నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె నవ్వాక నవ్వాను.

ఆగస్టు 5

ఇరవై వారాలు. 112/70, 112/72. మూడోసారి రక్తం ఇచ్చాం.

సెప్టెంబర్ 11

కోడలు డైరీ ఒకటి కొనుక్కుంది. ఎలా రాయాలో నన్నడిగింది. తేదీ వెయ్యి, జరిగింది రాయి అన్నాను. "జరగనిది రాయకూడదన్నమాట," అంది. ఇంకెన్నాళ్ళు అంటుందో. అననీ.

అక్టోబర్ 28

ముప్పై రెండు వారాలు. రోజంతా ఆమె వెనకే తిరిగాను. తలనొప్పా, కళ్ళ ముందు ఏమైనా మెరుస్తోందా అని తొమ్మిదిసార్లు అడిగానట, ఆమె లెక్కపెట్టింది. 122/78, 120/78.

అక్టోబర్ 29

ముప్పై రెండు వారాల ఒక రోజు.

నవంబర్ 25, మంగళవారం

ముప్పై ఆరు వారాలు. పొద్దున 142/92. మళ్ళీ చూశాను, 144/92. రెండూ రాశాను. రెండో అంకె సరిగ్గా రాలేదు, గీత కొట్టి పక్కన రాశాను.

"ఎంత?" అంది కోడలు. చూపించాను. తగ్గించి చెప్పాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అబ్బాయి ఎక్కడో లిఫ్టు మీద ఉన్నాడు, దిగి వచ్చేశాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మూత్రంలో ప్రొటీను కొంచెం ఉంది. వచ్చింది గానీ ఆలస్యంగా, నెమ్మదిగా వచ్చింది అన్నారు డాక్టరు గారు. "నాలుగు వారాల ముందు వచ్చి ఉంటే ఇంత తీరిగ్గా మాట్లాడేదాన్ని కాదు," అన్నారు. మాత్ర వల్లేనా అని అడిగాను. "ఒక్కరిని చూసి చెప్పలేనమ్మా. కావచ్చు," అన్నారు. రాసుకున్నాను, కావచ్చు అని.

నవంబర్ 26

140/90. తలనొప్పి లేదు. మెరుపులు లేవు. బిడ్డ గుండె బాగుంది.

నవంబర్ 28, శుక్రవారం

పొద్దున పదీ పదికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. కోడలు తెలివిలోనే ఉంది, నొప్పిగా ఉందని అందరినీ విసుక్కుంటోంది. విసుక్కుంటుంటే వినడానికి ఎంత బాగుందో.

ట్యూబులమ్మాయి పరుగున వచ్చింది. మాయలోంచి చిన్న ముక్కలు తీసి మంచులో పెట్టుకోవాలట, అరగంట దాటకూడదట. నాకొకసారి చూపించమన్నాను. స్టీలు పళ్ళెంలో ఉంది. ముదురు ఎరుపు, మధ్యలోంచి నరాలు కొమ్మల్లా పాకి ఉన్నాయి. ఒక అంచున చిన్న చిన్న తెల్లటి గట్టి మచ్చలు. "ఇక్కడ రక్తం సరిగ్గా అందలేదు ఆంటీ. అయినా మిగతాదంతా పనిచేసింది," అంది. అందులో సగం మా వాడిదని, ఆ సగంలో నాదీ ఉందని గుర్తొచ్చి కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆమె మూత పెట్టింది. 117.

ఈయన సంచి పట్టుకుని వచ్చారు. లోపల మెత్తటి గుడ్డలో చుట్టిన ఇత్తడి రాయి, రెండు కిలోలది. పిల్లని తూచే బల్లని ముందుగా పరీక్షించాలట. నర్సుకి కోపం వస్తుందేమోనని నేను అడ్డుపడబోయాను.

"నాన్నా, ముందు సున్నా చూశావా?" అన్నాడు అబ్బాయి.

నాతో కాదు.

ఈయన రాయికి చుట్టిన గుడ్డ విప్పుతూ, "చూడలేదు, నువ్వు చూడు," అన్నారు. అబ్బాయి వంగి చూశాడు, సున్నా అన్నాడు. ఈయన రాయి పెట్టారు, రెండు కిలోలు చూపించింది. రాయి తీశారు. అబ్బాయి పిల్లని పడుకోబెట్టి, చెయ్యి పూర్తిగా వదలకుండా కొద్దిగా పైకి ఉంచాడు.

"చెయ్యి తియ్యరా, నీ చేతి బరువు కూడా వస్తుంది," అన్నారు ఈయన.

"తీస్తే పడిపోతుందేమో నాన్నా."

"పడదు. నేను పట్టుకుంటాను, నువ్వు చదువు."

ఇద్దరూ ఒకరి చెయ్యి అడ్డం వస్తోందని ఒకరు అనుకుంటూ మూడుసార్లు తూచారు. నర్సు నవ్వుతూ చూస్తోంది. మూడోసారికి అబ్బాయి చదివాడు.

రెండు కిలోల మూడు వందల నలభై గ్రాములు. చూపించింది చూపించినట్టు రాశాను.